కిడ్నీ కాదని కూడిక పెట్టుకున్నాం

నాకు జబ్బు చేసి తగ్గిందని మా చర్చి సంఘంలో అందరికీ తెలుసు. అది ఎలా మొదలైందో, ఎలా బయటపడిందో సరిగ్గా తెలిసినవాళ్ళు మాత్రం మా ఇంట్లో ఇద్దరు ముగ్గురే. అడిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. ఇప్పుడు మొదటినుంచి రాసి పెడదామని కూర్చున్నాను. నేను బడికి వెళ్ళలేదు. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్ళో మా నాన్న కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుతూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు చెప్పాడు. ఆ చదువుతోనే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

1998

పెళ్ళయ్యాక మా కాపురం పలాసలో. మా ఆయన దావీదు జీడిపప్పు కార్ఖానాలో బస్తాలు తూకం వేస్తారు. నేను అక్కడే పప్పు మీద పొట్టు తీసే ఆడవాళ్ళలో ఒకదాన్ని. ఆ ఏడు ఎండాకాలం నుంచి నా కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉండేది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయేవి. పిక్కలు కాల్చే పొగ వల్లనే అనుకున్నాం. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎవరి కళ్ళు మండవు? టెక్కలిలో కళ్ళ డాక్టరు చుక్కల మందు రాసిచ్చారు. వేసుకున్నంతసేపు బాగుండేది.

తర్వాత నోరు ఎండిపోవడం మొదలైంది. చారు పోసుకుంటే గాని అన్నం దిగేది కాదు. పొట్టు తీస్తూ విరిగిన బద్ద ఒకటి నోట్లో వేసుకోవడం మా అందరికీ అలవాటు. అది కూడా నాకు పిండిలా అంగిట్లో అంటుకుపోయేది. నా పక్కన కూర్చుని పనిచేసే నారాయణమ్మ నాకు అక్క వరస, అప్పా అని పిలుస్తాను. ఆవిడకి నా నీళ్ళ సీసాని చూస్తే నవ్వు.

"గంటకో సెంబుడు తాగేత్తన్నావు. కడుపులో నుయ్యి తవ్వుతున్నావేటే?"

"ఏటి సెయ్యనప్పా, నాలిక పీటలాగ అయిపోతంది."

"సుగరేమో. సూపించుకో బేగి."

చూపించుకున్నాను. షుగరు లేదన్నారు. దేవునికి స్తోత్రం చెప్పుకుని మళ్ళీ పనిలో కూర్చున్నాను.

మా సంఘంలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. ముందు రొట్టె ముక్క ఇస్తారు, కాస్సేపటికి ద్రాక్షరసం వస్తుంది. గోరంత ముక్క. అది కూడా నాకు గొంతు దిగేది కాదు. రసం వచ్చేదాకా బుగ్గన దాచుకుని తల వంచుకుని కూర్చునేదాన్ని. వెనక వరసవాళ్ళు అది గమనించారట. ఒప్పుకోని పాపం ఏదో ఉండబట్టే మింగలేకపోతోందని చెప్పుకున్నారట. చాలా కాలానికి ఆ మాట నా చెవిన పడింది. నాకు కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్నేమో.

2000

మా అత్తగారు కిడ్నీ జబ్బుతో రెండేళ్ళు మంచం మీద ఉండి ఆ ఏడు పోయారు. మా ఉద్దానం ఊళ్ళలో ఇంటికొకరికి ఉండే ఆ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. ఆవిడకి స్నానం, తిండి, మందులు అన్నీ నేనే చూశాను. చివరి నెలల్లో నా చేతి ముద్ద తప్ప తినేవారు కాదు. నన్ను కూతురిలా చూసుకున్న మనిషి.

ఆవిడని పెట్టెలో పెట్టిన రోజున ఊరంతా ఏడ్చింది. నాకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. కళ్ళు మంటలు పుట్టినట్టు మండాయి గాని తడవలేదు. పెట్టె పక్కన ఎండు మొహంతో నిలబడ్డాను.

మా ఆయనకి అక్క ఉంది, రత్నం వదిన. భర్త పోయాక మా వీధి చివరే ఒక గదిలో ఉంటూ పొద్దుటిపూట ఇడ్లీలు వేసి అమ్ముతుంది. సమాధుల దగ్గర్నుంచి తిరిగి వచ్చాక అందరి ముందూ అడిగింది.

"రెండేళ్ళు ముద్దలు కలిపి తినిపించినావు. కాదన్ను. అమ్మ పోతే ఒక్క సుక్క రాలలేదేటే నీకు? పీడ పోయిందనుకున్నావేటి?"

మా ఆయన "అక్కా, ఊరుకో" అన్నారు. ఎందుకు రాలేదో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ రోజు నుంచి వదిన మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నా గుండె గట్టిపడిపోయిందేమో, మెత్తబరచమని ప్రార్థన చేసుకునేదాన్ని. ఆ ప్రార్థనలో కూడా కళ్ళు పొడిగానే ఉండేవి. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

2001

వేళ్ళ కణుపులు నొప్పి. లేస్తూనే అలసట. ఒకరోజు అద్దంలో చూసుకుంటే రెండు చెవుల కిందా ఉబ్బి, మొహం గుండ్రంగా అయిపోయింది. మా ప్రాంతంలో మొహం ఉబ్బితే ఎవరూ ఇంకోటి అనుకోరు. మా ఆయన ఆ పూటే కూరలో ఉప్పు మానిపించారు. మా అమ్మాయి అప్పటికి మూడో తరగతి. "నానమ్మకొచ్చిందే అమ్మకీ వచ్చిందా?" అని అడిగింది.

రక్తపరీక్షకి వెళ్ళాం. బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా మా వైపు ఊళ్ళవాళ్ళే. ఆ గదిలో ఎవరూ పేరు అడగరు. "నీకెంత?" అని అడుగుతారు. రక్తంలో క్రియేటినిన్ ఎంత ఉందని. కిడ్నీ చెడినకొద్దీ అది పెరుగుతుంది. చదువురాని ముసలివాళ్ళు కూడా ఆ అంకె గడగడా చెబుతారు. నా పక్కన కూర్చున్న తాతకి ఎక్కువే ఉంది. నా కాగితం వచ్చాక తనే తీసుకుని, అక్కడి కాంపౌండరుకి చూపించి చదివించుకున్నాడు.

"నీకు కిడ్నీ బాగుందంట తల్లీ. ఎల్లిపో. మరి ఈ గుమ్మం తొక్కకు."

తన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ నాకోసం నవ్విన ఆ మనిషిని ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను. పేరు తెలియదు.

డాక్టరు కాగితం చూసి, "కిడ్నీ కాదు. కానీ చెవుల కింద ఈ వాపు ఎందుకుందో పెద్ద ఆసుపత్రిలో చూపించండి" అన్నారు. ఆ మాట మేమిద్దరం విన్నాం. కిడ్నీ కాదు అన్నదగ్గరే మా చెవులు ఆగిపోయాయి. తిరుగు దారిలో మా ఆయన అరటిపళ్ళ గెల మొత్తం కొన్నారు.

ఆ శనివారం సంఘంవాళ్ళని పిలిచి మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. మా సంఘం పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. పులిహోర వండాం. నేను లేచి నిలబడి, దేవుడు నన్ను కిడ్నీ జబ్బు నుంచి తప్పించాడని సాక్ష్యం చెప్పాను. వదిన కూడా వచ్చింది. గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని విని, ఏమీ తినకుండా వెళ్ళిపోయింది.

మేము చేసిన తప్పు ఇదే. ఉద్దానంలో కిడ్నీ బాగుంటే మనిషి బాగున్నట్టే. దానికంటే పెద్ద తప్పు నాది. అంతమందిలో స్తోత్రం చెప్పేశాక, మళ్ళీ నాకు బాగాలేదని ఎలా అనను? ఇచ్చిన కృతజ్ఞత వెనక్కి లాక్కున్నట్టు ఉంటుందనిపించింది. అందుకని రెండేళ్ళు పైగా నోరు మెదపలేదు. వాపు వచ్చేది, పోయేది. పళ్ళు ఒక్కొక్కటే పుచ్చిపోయాయి. కొంగు చెవుల మీదుగా కప్పుకోవడం అలవాటు చేసుకున్నాను.

2003

నారాయణమ్మ అప్ప దగ్గర మాత్రం కొంగు ఆగలేదు. పనిలో వంగినప్పుడు చూసేసింది.

"ఓలమ్మ, గవదబిళ్ళలే. ఇంత వయసొచ్చినాక వచ్చినాయేటి నీకు?" అంటూ తన మెళ్ళో బంగారు గొలుసు తీసి నా మెళ్ళో వేసింది. "మా యమ్మ ఇలగే ఏసేది. తగ్గినదాకా ఉంచుకో."

నేను వద్దన్నాను. మా సంఘంలో ఆడవాళ్ళు బంగారం పెట్టుకోరని చెప్పాను.

"మీ దేవుడికి నాను సెప్పుకుంటాను గానీ, నువ్వు ముయ్యి."

ఆవిడకి ఉన్నది ఆ ఒక్క గొలుసే. పదిరోజులు నా జాకెట్టు లోపల ఉంది. వాపు కొంచెం తగ్గింది. అది ఎలాగూ తగ్గేదే, మళ్ళీ వచ్చేదే. గొలుసు తిరిగి ఇచ్చి తగ్గిపోయిందని చెప్పాను. నేను చెప్పిన అబద్ధాల్లో అదొకటి.

2004, మొదటి నెలలు

కుడివైపు తగ్గింది. ఎడమవైపు చెవి కింద మాత్రం చింతపిక్కంత గట్టిగా నిలిచిపోయింది. నొప్పి లేదు. నెలనెలా పెరిగింది. గాజులు మోచేతిదాకా జారేవి.

దాన్ని పట్టుకున్నది వదిన. నాలుగేళ్ళుగా నాతో మాట్లాడని మనిషి, ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే నా కొంగు పట్టుకుని పక్కకి లాగింది.

"ఆ ఎడం సెంప కింద ఏటది?"

"ఏటీ లేదు వదినా."

"నాకు సెప్తావేటి? మూడు ప్రభువు బల్లల నుంచి సూత్తన్నాను. ఎప్పుడు సూసినా అలగే ఉంది. తమ్ముడికి సెప్పినావా?"

లేదన్నాను. ఎందుకు చెప్పలేదని అడిగితే నిజం బయటికి వచ్చేసింది. "స్తోత్రం చెప్పేశాను కదా వదినా, అందరి ముందూ."

వదిన నన్ను ఎగాదిగా చూసింది.

"కిడ్నీ కాదన్నందుకు సెప్పినావు. దీనికి సెప్పినావేటి? దేవుడికి ఆపాటి తెలీదనుకున్నావా?"

మా ఆయన అప్పుడే బయటికి వచ్చారు. వదిన ఆయన ముందే నా కొంగు తీసేసి చూపించింది. ఆయన వేలితో ఆ గడ్డని ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, "ఎల్లుండి ఎల్దాం" అన్నారు. వదిన కూడా వస్తానంది. మా అమ్మాయిని నారాయణమ్మ అప్ప దగ్గర వదిలి, ముగ్గురం పొద్దుటి ప్యాసింజరులో విశాఖపట్నం వెళ్ళాం.

2004, వేసవి

అక్కడ ఒక డాక్టరమ్మ చూశారు. ముందు నా వేళ్ళు చూశారు. పళ్ళు చూశారు. తర్వాత మామూలుగా అడిగారు: "ఏడిస్తే కన్నీళ్ళు వస్తాయా అమ్మా?"

ఆ మాట అప్పటిదాకా నన్ను నిందగా తప్ప ప్రశ్నగా ఎవరూ అడగలేదు. వెనక నుంచి వదిన గొంతు వినిపించింది.

"రావు డాక్టరుగారూ. సాచ్చికం నాను."

రెప్ప కింద చిన్న కాగితం ముక్క పెట్టి అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోమన్నారు. తీసి చూస్తే కాగితం పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బాగున్నవాళ్ళకి సగంపైగా తడుస్తుందట. వదిన ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది. "నాలుగేళ్ళు," అంది మెల్లగా.

డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా చెప్పారు. ఒంట్లోకి వచ్చే క్రిముల మీదికి వెళ్ళాల్సిన కణాలు నా ఒంట్లో దారి తప్పి, కన్నీళ్ళు, ఉమ్మి ఊరే గ్రంథుల మీదే ఏళ్ళ తరబడి యుద్ధం చేస్తున్నాయట. అందుకే ఆ పొడి. యుద్ధం ఆగదు గనక ఆ కణాలు పుడుతూనే ఉంటాయి. అలా ఏళ్ళకేళ్ళు పుట్టగా పుట్టగా, కొద్దిమందిలో ఒక కణం అదుపు తప్పి అదే పనిగా పెరుగుతుంది. దాన్ని లింఫోమా అంటారు.

"ఈ పొడి జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి అలా అవదు," అన్నారు. "మీకు అయిందో లేదో ముక్క తీసి చూస్తే గాని చెప్పలేను."

"అంటే క్యాన్సరేనాండీ?" అని మా ఆయన అడిగారు.

"అయితే అదే. అందులో నెమ్మదిగా నడిచే రకం కావచ్చు. ముందు చూద్దాం."

ముక్క తీశారు. ఫలితానికి పదిరోజులు. ఇంటికి వెళ్ళి, మళ్ళీ వచ్చి, వరండాలో కూర్చున్నాం. పక్కన ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒకావిడ. కూతురితో ఒడియా, మాతో తెలుగు మాట్లాడుతోంది. నేను గుటక మింగలేక అవస్థ పడటం చూసి, కొంగుముడి విప్పి ఎండు ఉసిరికాయ ముక్క ఇచ్చింది. "బుగ్గన ఎట్టుకో అప్పా, నీరూరతాది." నాకు నీరూరలేదు. కానీ ఆ పులుపు నాలుక మీద ఉన్నంతసేపు భయం కాస్త పక్కకి జరిగింది. ఆవిడకి ఊరిందనే చెప్పాను.

లింఫోమా అన్నారు. నెమ్మదిగా నడిచే రకమే, ఆ వైపు గ్రంథి దాటి పోలేదన్నారు. నేను ఎలా విన్నానో నాకు గుర్తులేదు. మా ఆయన మాత్రం బయట మెట్ల మీద కూర్చుండిపోయారు.

"కిడ్నీ అయితే మన వీధిలో ఎవర్నడిగినా సెప్తారు, ఏటి తినాల, ఎక్కడికెల్లాల అని. దీనికెవర్నడగాలే సుగుణా?"

"డాక్టరమ్మనే అడుగుదాం బావా. ఆవిడే కదా చెప్పింది," అన్నాను. ఆయనకి ధైర్యం చెప్పడం కోసం అన్న మాట. అంటున్నప్పుడు నాకూ కొంచెం పట్టు దొరికింది.

2004–05

మూడు వారాలకోసారి వెళ్ళి మందు ఎక్కించుకుని రావడం, మధ్యలో మాత్రలు. మా ఆయనకి ప్రతిసారీ సెలవు దొరికేది కాదు. వదిన ఇడ్లీల బేరం మానుకుని నాతో వచ్చేది. వాంతులు, నోట్లో పుళ్ళు, దువ్వెన నిండా జుట్టు. ఆ వివరాలు ఎక్కువ రాయను. పడినవాళ్ళకి తెలుసు, పడనివాళ్ళు తెలుసుకోనక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. మూడోసారి వెళ్ళొచ్చాక ఇంక వెళ్ళనన్నాను. ప్రార్థన కూడా మానేశాను, రెండు వారాలు. అప్పుడు వదిన నాకు వాక్యం చెప్పలేదు, బుద్ధి చెప్పలేదు. "సరే, మానీ. రేపటి నుంచి నా ఇడ్లీపిండి నువ్వే రుబ్బు," అంది. లేవబోయి మళ్ళీ కూలబడ్డాను. మంచం అంచున కూర్చుని ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగోసారికి వెళ్ళాను.

వదిన నన్ను క్షమించమని ఎప్పుడూ అడగలేదు. రోజూ మా ఇంటికి వచ్చి నా గెడ్డం పైకెత్తి కళ్ళలో చుక్కలు వేసేది. మందు బుగ్గల మీదికి కారేది. మొదటిరోజు కొంగుతో తుడవబోయి ఆగింది.

"ఉండనీ. ఇప్పుడు మా యమ్మ పేరు సెప్పి ఏడిసీ."

ఆ పూట మా ఇంట్లోనే భోజనం చేసింది.

2005 చివరికి గడ్డ చేతికి తగలడం మానేసింది. పరీక్షల్లోనూ కనబడలేదన్నారు. అయ్యగారు కూడిక పెట్టమన్నారు. ఈసారి నేను పూర్తిగా స్వస్థత పొందానని చెప్పలేదు. గడ్డ కరిగిందని, దానికి మూలమైన పొడి జబ్బు ఒంట్లోనే ఉందని, ఆ యుద్ధం జరుగుతున్నన్నాళ్ళూ మళ్ళీ రావచ్చని, ఆరునెలలకోసారి చూపించుకోవాలని ఉన్నదున్నట్టు చెప్పాను. కొంతమందికి అది విశ్వాసం తక్కువైన మాటలా వినిపించింది. ఒక పెద్దాయన గట్టిగా "ఆమేన్" అనబోయి మధ్యలో ఆపేశారు. నా మటుకు నాకు అంత నిండుగా స్తోత్రం చెప్పడం అదే మొదటిసారి.

ఇది చదివేవాళ్ళకి చెప్పేది కొంచెమే. కళ్ళు, నోరు ఏళ్ళ తరబడి ఎండిపోతుంటే పొగ అని, ఎండ అని సరిపెట్టుకోకండి. ఆ పొడి ఉన్నంత మాత్రాన క్యాన్సరు వచ్చేస్తుందని భయపడకండి. చెవి కిందో మెడ మీదో వాపు తగ్గకుండా ఉంటే మాత్రం చూపించండి. ఒక జబ్బు లేదన్నారంటే అన్ని జబ్బులూ లేవని కాదు.

2008

ఒక శనివారం సాయంత్రం మొహం కడుక్కుంటుంటే కుడి చెవి కింద వేలికి తగిలింది. తువ్వాలు భుజం మీద ఉండగానే వంటింట్లోకి వచ్చి, "బావా, ఇటు చూడు" అన్నాను. ఆయన చూసి, వదినకి కబురు చేశారు. ఆ నెల నుంచి డాక్టరమ్మ ఆ జబ్బు వాళ్ళని చూసేది సోమవారం పొద్దుట ఒక్కపూటే. అంటే ఆదివారం పొద్దుటి ప్యాసింజరు ఎక్కాలి. పురిట్లో, మందు ఎక్కించుకున్న రోజుల్లో తప్ప నేను ఆరాధన మానడం ఎరగను. ఆ ఆదివారం మానాను. అది గడ్డ కాదని, ఎండిన గ్రంథిలో చీము చేరిందని తర్వాత తేలింది. వారం రోజుల మందుకి తగ్గింది. కానీ బయల్దేరేటప్పుడు అది మాకు తెలియదు.

స్టేషనుకి వెళ్ళే దారి మా గుడి ముందు నుంచే. ఇంకా ఆరాధన గంట కొట్టలేదు. అయ్యగారి భార్యని మేమంతా అమ్మగారనే అంటాం. ఆవిడ గుమ్మం దగ్గర చాపలు దులుపుతున్నారు. మా ముగ్గుర్నీ చూసి ఆగారు.

"ఆదివారం పూట సంచీతో ఎక్కడికమ్మా?"

నాకంటే ముందు వదిన అందుకుంది.

"దేవుడు అన్ని దినాలూ ఉంటాడమ్మగారూ. ఆ డాక్టరమ్మ సోమారమే ఉంటాది."

అమ్మగారు కోప్పడతారనుకున్నాను. ఆవిడ చాప కింద పెట్టి, లోపలికి ఒకసారి తొంగి చూసి, నా దగ్గరకొచ్చారు.

"అయ్యగారికి మెడ మీద గడ్డ ఉంది సుగుణా. మూడు నెలలైంది. ప్రార్థనలో ఉన్నాను, సంఘానికి తెలియనివ్వకు అన్నారు." గొంతు ఇంకా తగ్గించారు. "ఆవిడ మగవాళ్ళని కూడా చూస్తారా?"

"చూస్తారమ్మగారూ," అన్నాను.

మా ఆయన భుజం మీద సంచీ దించి మెట్టు మీద పెట్టారు. "బండికి ఇంకా గంటుంది. అయ్యగారితో నాను మాటాడతాను," అని చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు.